ఆ మట్టిలో పండింది పిల్లలకు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఆసిఫాబాద్ వైపు పల్లె. పెళ్లయి మహారాష్ట్రలోని రాజురా వచ్చి పదకొండేళ్లయింది. రెండేళ్ల కిందట ఊరి చివర పాత పత్తిచేను ప్లాట్లు చేసి అమ్ముతుంటే కొని ఇల్లు కట్టుకున్నాం. వెనక రెండు గుంటల దాకా ఖాళీ జాగా ఉంది. కూరగాయలు ఇంట్లోనే పండించుకుందామని మొన్న కరివేప మొక్క కోసం గుంత తవ్వితే, మూరెడు లోతులో గోధుమరంగు సీసాలు నాలుగు, తుప్పు పట్టిన డబ్బా ఒకటి, దాని చుట్టూ తెల్లటి గడ్డలు బయటపడ్డాయి. మగ్గిన వాసన వచ్చింది. పక్కింటి పెద్దాయన "ఇక్కడే కొట్టం ఉండేది, బావి దగ్గర మందు పంపులు నింపేటోళ్లం" అన్నారు. భయమేసి గుంత పూడ్చేశాను. మా అత్తమ్మ "రెండు వానలు పడితే అంతా కొట్టుకపోతది, భూతల్లి ఎన్ని మింగలేదు" అంటుంది. మా ఆయన "బజారు కూరల్లో మాత్రం మందు లేదా, ఏదో ఒకటి వెయ్యి" అంటారు. ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప. అయిదు కోళ్లు కూడా ఉన్నాయి. రాత్రిళ్లు ఇదే టెన్షన్. ఆ నేలలో తోట వేయొచ్చా? మట్టి మొత్తం తీయించాలా?
- ఒక సోదరి, రాజురా, చంద్రపూర్ జిల్లా

సమాధానం: చెల్లెమ్మా, తోట వేయండి. ఆ మట్టిలో మాత్రం వద్దు, దాని మీద వేయండి. ఎలాగో చెబుతాను. దానికంటే ముందు ఈ వారంలోనే చేయాల్సినవి రెండున్నాయి.

మొదటిది కోళ్లు. వాటి మాట మీరు చివర్లో ఒక్క ముక్కలో రాశారు గానీ, ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ భయం వేసింది అక్కడే. కోడి గింజతో పాటు మట్టినీ మింగుతుంది. రోజంతా పెరట్లో మట్టి కెలికే కోడి కడుపులోకి రోజుకు పది గ్రాముల మన్ను, ఒక్కోసారి అంతకు మించి కూడా పోతుంది. పాత పురుగుమందుల్లో చాలా వాటికి నీళ్లలో కరిగే గుణం లేదు, కొవ్వులో కరిగే గుణం ఉంది. కోడి తిన్నది కొవ్వులో చేరి, అక్కణ్నుంచి గుడ్డు పచ్చసొనలోకి వస్తుంది. మీ పాప వారానికి నాలుగు గుడ్లు తింటుందనుకోండి, ఆ నేలలోది వంకాయ ద్వారా అందేదాని కంటే గుడ్డు ద్వారానే ఎక్కువ అందే అవకాశం ఉంది. అందుకని ఈరోజే వాటిని ఆ జాగాలో తిరగకుండా కట్టడి చేయండి. ఇంటి ముందు వైపు వల కట్టి, కింద ఫర్షీ బండలు పరిచి, పైన శుభ్రమైన ఊక పోసి, జొన్నలు, నూకలు గిన్నెలో పెట్టండి. ఇప్పటిదాకా ఒంట్లో చేరింది ఒక్కరోజులో పోదు. గుడ్లు పెట్టేకొద్దీ నెలల మీద తగ్గుతుంది. అప్పటివరకు పిల్లలకు ఆ గుడ్లు పెట్టకండి, బయటివి కొనండి. మేకో బర్రెనో అక్కడ కట్టేసే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. పాలలోని వెన్నకూ ఇదే లెక్క.

రెండోది ఆ సీసాలు. గుంత పూడ్చడం మంచి పనే, కానీ వాటిని అలా వదిలేయడానికి లేదు. మట్టిలో చల్లిన మందు ఎండకు, తేమకు, సూక్ష్మజీవులకు కొంతైనా విరుగుతుంది. మూత బిగించిన సీసాలో ఉన్న మందుకు ఆ అవకాశం లేదు. ముప్పై ఏళ్ల తర్వాత పగిలినా ప్రమాదమే. మూత తీసి వాసన చూడొద్దు, కడగొద్దు, కాల్చొద్దు, బావిలోనో వర్ధా నదిలోనో పారేయొద్దు. మీ పక్క జిల్లా యవత్మాళ్‌లో 2017లో పత్తికి మందు కొడుతూ ఎంతమంది రైతులు, కూలీలు పోయారో మీకు తెలుసు. వాళ్లెవరూ మందు తాగలేదు. పీల్చిన గాలి ద్వారా, తడిసిన చర్మం ద్వారా అది ఒంట్లోకి వెళ్లింది. కాబట్టి మీరు చేత్తో తీయకండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానీయకండి. గుంత మీద రేకు వేసి, చుట్టూ నాలుగు కర్రలు పాతి తాడు కట్టండి. తాలూకా కృషి అధికారి ఆఫీసులో రాతపూర్వకంగా, ఫోటోలతో ఒక అర్జీ ఇవ్వండి. మరాఠీలో రాయించండి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా చెబితే "పూడ్చేయండి" అని పంపేస్తారు. ముద్ర వేసి తీసుకున్న కాగితానికి జవాబు చెప్పక తప్పదు.

ఇక అసలు ప్రశ్న. ఆ మట్టిలో ఏముందో ఎలా తెలుస్తుంది?

పక్కింటి పెద్దాయన మీకు దొరికిన పెద్ద ఆధారం. ఒక సాయంత్రం ఆయన్ని కూర్చోబెట్టి, టీ పోసి, నిదానంగా అడగండి. తప్పు పట్టినట్టు కాకుండా, పాత ముచ్చట్లు అడిగినట్టు అడగండి. ఏ ఏడు దాకా పత్తి వేశారు? పొడి మందు చల్లేవారా, నీళ్లలో కలిపేదా? పంపు ఏ పక్క కడిగేవాళ్లు? కొట్టంలో విత్తనాలకు ఏం కలిపేవారు? ఆయన ఎండ్రిన్ అన్నా, డీడీటీ అన్నా, గమాక్సిన్ పొడి అన్నా, బీహెచ్‌సీ అన్నా జాగ్రత్త పడాలి. మీరు చెప్పిన తెల్ల గడ్డలు, మగ్గిన వాసన బీహెచ్‌సీని గుర్తు చేస్తున్నాయి, అయితే వాసనను బట్టి తేల్చే విషయం కాదిది. వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని మన దేశంలో 1989లో ఆపారు. ఎండ్రిన్‌ను 1990లో, బీహెచ్‌సీని 1997లో నిషేధించారు. ఎండోసల్ఫాన్ అనే మందు సంగతి కేరళలోని కాసర్‌గోడ్ జీడితోటల దగ్గర పిల్లల బతుకులు చూశాక గానీ తేలలేదు. 2011 మే 13న సుప్రీంకోర్టు ఆపమంది. నిషేధం వచ్చిన రోజున కొట్టాల్లో మిగిలిన డబ్బాలు ఎక్కడికి పోయాయి? చాలావరకు ఇదిగో, మీకు దొరికినట్టు గుంతల్లోకే.

నేనూ ఆ కాలం మనిషినే. మా ఇంట్లో కందుల గుమ్మిలో అమ్మ గమాక్సిన్ పొడి చేత్తో కలిపేది. పని అయ్యాక చేతులు కొంగుకు తుడుచుకుని పొయ్యి దగ్గర కూర్చునేది. ఖాళీ అయిన మందు డబ్బా బూడిద పెట్టి తోమి, అందులో కిరోసిన్ పోసుకునేవాళ్లం. ఎవరూ వద్దని చెప్పలేదు. మీరు ఒక్క వాసనకే గుంత పూడ్చి, ఉత్తరం రాశారంటే నాకు ఎంత ఊరటగా ఉందో చెప్పలేను.

పెద్దాయన మోనోక్రోటోఫాస్ లాంటి పేర్లు చెబితే నేల విషయంలో భయం కొంచెం తక్కువ. ఒంటికి తగిలినప్పుడు అవి చాలా ప్రమాదం, కానీ నేలలో వారాలు, నెలల్లో విరిగిపోతాయి. డీడీటీ జాతి అలా కాదు. అది నేలలో సగానికి తగ్గడానికి రెండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా పడుతుందంటారు. మీ నేలలో పదేళ్లు పడుతుందనుకుని లెక్క వేసి చూడండి: 1990లో ఆపేస్తే 2000కి సగం, 2010కి పావు, 2020కి ఎనిమిదో వంతు మిగులుతుంది. చేనంతా పలచగా చల్లిన చోట ఆ ఎనిమిదో వంతు పెద్దగా లెక్కలోకి రాకపోవచ్చు. డబ్బా ఒలికిన చోట ఎనిమిదో వంతు కూడా చాలా ఎక్కువే. అందుకే మీ రెండు గుంటలనూ ఒకే మట్టిగా చూడకండి. గడ్డలు దొరికిన చోటు, పంపు నింపిన బావి గట్టు, కడిగిన నీళ్లు పారిన పల్లం, ఈ మూడే అసలు జాగాలు.

అత్తమ్మ గారి మాట మీద గౌరవంతోనే చెబుతున్నాను, వానకు ఇవి కొట్టుకుపోవు. నీళ్లలో కరిగేదైతే పోయేది. ఇవి మట్టి రేణువును పట్టుకుని ఉంటాయి. గట్టివాన పడితే ఆ మట్టే కదిలి పల్లపు మూలకు చేరుతుంది. అంటే మొదట చూడాల్సింది వాన వెలిశాక మీ పెరట్లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో ఆ మూలనే. మీది నల్లరేగడి కాబట్టి ఇంకో మాట. ఏప్రిల్, మే నెలల్లో మీ నేల చూడండి, చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. పైమట్టి పొడిపొడిగా రాలి ఆ నెర్రెల్లో పడుతుంది. వానలకు నేల ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. ఇలా ఏటేటా జరిగి పైది కిందికి, కిందిది పైకి వస్తూ ఉంటుంది. ఎర్రనేలలో అయితే పై అడుగు మట్టి తీసేస్తే చాలావరకు పోయిందనుకోవచ్చు. నల్లరేగడిలో ఆ భరోసా లేదు. మీరు అడిగిన "మొత్తం తీయించాలా" అన్నదానికి ఇదే నా జవాబు. లక్షలు పోసి తవ్వించినా నమ్మకం ఉండదు, ఆ తవ్విన మట్టిని ఎవరో ఒకరి పొలంలోనో వాగులోనో పోస్తారు. వద్దు.

పరీక్ష చేయించాలనుకుంటే ఒక పొరపాటు చేయకండి. భూసార పరీక్ష కార్డు ఉంది కదా, 2015 నుంచి ఇస్తున్నది, అందులో చూసేది పన్నెండు అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు లాంటి పోషకాలు, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. పురుగుమందు అవశేషాలు అందులో ఒక్కటీ ఉండవు. "కార్డులో అంతా బాగుంది" అని ఎవరైనా అంటే ఆ మాట మీ ప్రశ్నకు జవాబు కాదు. మీకు కావలసింది అవశేషాల పరీక్ష. "ఆర్గానోక్లోరిన్ గ్రూపు చూడండి" అని పేరు పెట్టి అడగాలి, అంటే డీడీటీ, బీహెచ్‌సీ, ఎండ్రిన్ లాంటి పాత మందుల జాతి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది, దానికి అవశేషాల ల్యాబు ఉంది. బల్లార్షాలో రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగుతారు కాబట్టి మీకు అది అందనంత దూరమేం కాదు. ముందు ఫోన్ చేసి, బయటివాళ్ల మట్టి తీసుకుంటారా, ఎంత అవుతుంది, ఎలా పంపాలి అన్నీ కనుక్కోండి. మీ జిల్లాలో సిందేవాహిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడా దారి చెబుతారు. ఇలాంటి పరీక్షలు ఖర్చుతో కూడినవి. అందుకే రెండే నమూనాలు ఇవ్వండి. ఒకటి ఆ చెడ్డ జాగాలది, రెండోది మిగతా పెరడంతా పది పన్నెండు చోట్ల జానెడు లోతు తీసి కలిపినది. రెంటినీ కలిపేస్తే రెండూ అబద్ధమే చెబుతాయి. చేతికి గ్లౌజులు వేసుకోండి, మట్టిని ప్లాస్టిక్ కవర్లో కాకుండా శుభ్రమైన గాజు సీసాలో వేసి, నీడలో చల్లగా ఉంచి పంపండి. పంపు నింపిన ఆ బావి నీళ్లు తాగుతుంటే వెంటనే ఆపి, వాటికీ పరీక్ష చేయించండి.

ఇప్పుడు తోట. మీ చంద్రపూర్ ఎండలకు గ్రో బ్యాగులు నిలవవు, మధ్యాహ్నానికి వేరు ఉడికిపోతుంది. బావులకు వాడే సిమెంటు రింగులు తెప్పించండి. మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న రింగు ఒక్కోదానిలో సుమారు పదిన్నర ఘనపుటడుగుల మట్టి పడుతుంది. ఆరు రింగులకు అరవై మూడు, అంటే ట్రాక్టర్ ట్రాలీలో ఇంకా మిగులుతుంది. ఆరు రింగులు నలుగురున్న ఇంటికి మిరప, టమాటా, వంకాయ, బెండ మొదలుపెట్టడానికి చాలు. చెడ్డ జాగాలకు దూరంగా పెట్టండి. కింద బియ్యం బస్తాలు, నేసిన ప్లాస్టిక్‌వి, విప్పి రెండు పొరలు పరవండి. నీరు దిగుతుంది, వేరు కిందికి తొందరగా దూరదు. గోనెసంచులైతే ఒక్క వానాకాలానికే చివికిపోతాయి. ఇల్లు కట్టేటప్పుడు పునాదికి చెదల మందు కొట్టించారా? కొట్టించి ఉంటే గోడకు మూడు నాలుగడుగులు వదిలి పెట్టండి.

రింగులో పోసే మట్టి ఎక్కడిదన్నది అన్నిటికంటే ముఖ్యం. మనవాళ్లు వెంటనే చెరువు మట్టి అంటారు. మామూలు ఊళ్లో అయితే నేనూ అదే చెప్పేదాన్ని. కానీ చుట్టూ పత్తి ఉన్న ఊళ్లో చేలమీది నీళ్లు, వాటితో కదిలిన మట్టి చేరేది ఆ చెరువులోకే. ఈసారికి వద్దు. పత్తిచేను మట్టీ వద్దు. చుట్టుపక్కల ఏనాడూ మందు కొట్టని ఎర్రమట్టి, ఎవరో బావి తవ్వుతుంటేనో పునాది తీస్తుంటేనో ఐదారడుగుల లోతు నుంచి వచ్చేది, అడిగి తెప్పించుకోండి. మీ దగ్గర కరెంటు ప్లాంట్ల బూడిద ఊరికే దొరుకుతుంది, కొందరు మట్టిలో కలపమంటారు. దాంట్లో వేరే లోహాలు ఉంటాయి, కూరగాయల్లోకి వద్దు. సగం ఎర్రమట్టి, పావు బాగా మాగిన పేడ ఎరువు, పావు వరి ఊకో కొబ్బరి పొట్టో కలపండి. దానికి గుప్పెడు గుప్పెడుగా పొడి చేసిన కట్టెబొగ్గు కలిపితే ఇంకా మంచిది, మిగిలి ఉన్న మందును బొగ్గు పట్టి ఉంచుతుంది.

ఏం వేయాలన్నదాంట్లో అన్ని మొక్కలూ ఒకటి కావు. ఈ నూనెగుణం ఉన్న మందులను చాలా మొక్కలు వేరు తొక్క దగ్గరే ఆపేస్తాయి, పైకి పంపవు. గుమ్మడి, దోస అలా కాదు. వాటి వేరు నుంచి పైకి పోయే రసంలో ఈ మందులను మోసుకుపోయే ప్రొటీన్లున్నాయని జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. దశాబ్దాల కిందట వాడి మానేసిన మందు జపాన్‌లో దోసకాయల్లో తేలడానికి కారణం అదే. సొర, బీర, కాకర కూడా ఆ ఇంటివే కాబట్టి, పందిరి మీద మీకు ఎంత ఆశ ఉన్నా పెరటి నేలలో మాత్రం వేయొద్దు. సొరకాయ కావాలంటే ఒక రింగు మొత్తం దానికే ఇచ్చి, తీగను పైకి పాకించండి. ముల్లంగి, క్యారెట్, చేమ, చిలగడదుంప, పల్లీ నేలలోనే ఊరేవి కాబట్టి అవీ రింగుల్లోనే. పాలకూర, తోటకూర, గోంగూర, మెంతిలోకి వేరు ద్వారా వచ్చేదాని కంటే వాన చినుకుకు ఎగిరి ఆకు మీద పడే మట్టితోనే ఇబ్బంది. వాటినీ రింగుల్లో వేసి కింద గడ్డి పరవండి. కోసిన ఆకును ఒకటికి మూడు నీళ్లలో కడగండి. ఉప్పునీళ్లు, పసుపునీళ్లు పైదాన్నే కడుగుతాయి, లోపలికి వెళ్లినదాన్ని తీయలేవు.

కరివేప, మునగ, నిమ్మ, బొప్పాయి పెద్దవై కింది నేలలోకి వేరు దించేవే. ఇలాంటి చెట్ల కాయల్లోకి ఈ మందులు చాలా తక్కువగా ఎక్కుతాయి. పరీక్షలో మిగతా పెరడు బాగుందని తేలితే, ఆ చెడ్డ మూడు జాగాలు వదిలి నేలలోనే నాటండి.

ఇది మనమొక్కరం పడుతున్న బాధ కాదు. కరీబియన్ సముద్రంలో గ్వాడెలూప్, మార్టినిక్ అని ఫ్రాన్స్ పాలనలో ఉన్న దీవులున్నాయి. అక్కడ అరటితోటల్లో 1972 నుంచి 1993 దాకా క్లోర్‌డెకోన్ అనే మందు వాడారు. అది ఇంకా వందల ఏళ్లు నేలలో ఉంటుందని లెక్క. వాళ్లు తోటలు మానలేదు. పెరటి మట్టిని ప్రభుత్వమే ఉచితంగా పరీక్ష చేసి, కలుషితమైన చోట దుంపలు వద్దు, టమాటా, బెండ, చెట్ల కాయలు వేసుకోండి, కోళ్లను ఆ మట్టి మీద వదలొద్దు అని ఇంటింటికీ చెబుతోంది. మన దగ్గర ఆ పని ఎవరూ ఇంటింటికీ వచ్చి చేయరు. పాత పత్తిచేలను ప్లాట్లుగా అమ్మేటప్పుడు కింద ఏముందో చెప్పడం లేదు, నాకు దీనిమీద కోపముంది. మీ వరసలో ఇళ్లు కట్టుకున్న మిగతావాళ్లకు మీ గుంతలో దొరికింది చూపించండి. అర్జీ మీద పది సంతకాలుంటే సంగతి వేరుగా ఉంటుంది. పరీక్ష ఖర్చూ పంచుకోవచ్చు.

మీ ఆయన అన్నదాంట్లో నిజం ఉంది, బజారు కూరల్లోనూ మందులున్నాయి. వాటిలో చాలావరకు పైన కొట్టినవి, కడిగితే కొంత పోతాయి, మిగిలింది కొన్నాళ్లకు విరుగుతుంది. పెరట్లో ఉన్నది ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి కొవ్వులో కూర్చుంటుంది. ఆ తేడా ఆయనకు నిదానంగా చెప్పండి. రింగులు దొర్లించడానికి ఎలాగూ ఆయన సాయం కావాలి.

పిల్లల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మూడేళ్ల పాప చేతులు రోజంతా నోట్లోనే ఉంటాయి. రింగుల మధ్య నడిచే దారిలో బండలో గులకరాళ్లో పరవండి, మిగతా చోట గరిక పెరగనివ్వండి, ఎండాకాలం దుమ్ము లేవకూడదు. పెరట్లో తిరిగిన చెప్పులు గడప బయటే. వెనక గదిని చీపురుతో ఊడ్చే ముందు తడిబట్టతో తుడవండి. తినే ముందు చేతులు సబ్బుతో కడిగించండి, గోళ్లు కత్తిరిస్తూ ఉండండి.

డబ్బాలు తీయించాక ఆ మూల ఖాళీగా వదలకండి, దుమ్ము రేగుతుంది. అక్కడ బంతి, సీతమ్మజడ, గునుగు చల్లండి. బతుకమ్మ నాటికి విరగబూస్తాయి, మీ వీధిలో ఆడుకునే వాళ్లందరికీ సరిపోతాయి. పూలు కత్తిరించి తీసుకోండి, మొక్కను పీకొద్దు. ఎండిపోయాక పీకాల్సి వస్తే వేరుకున్న మట్టిని అక్కడే దులిపేయండి, ఆ చెత్తను మేకలకు వేయొద్దు, ఎరువు గుంతలో కలపొద్దు. పరీక్ష కాగితం వచ్చాక అందులోని అంకెలు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపండి, కరివేప ఎక్కడ పెట్టాలో అప్పుడు చెబుతాను.